రైపేరియన్: ఒడ్డుకు చెందిన ఒక విశేషణం, గోదావరి డెల్టాలో దాని నడక

రైపేరియన్ అనేది నది ఒడ్డుకు సంబంధించినది, నది ఒడ్డున ఉన్నది, ఒడ్డున ఉండటం వల్ల సంక్రమించినది అనే అర్థాల్లో వాడే ఇంగ్లీషు విశేషణం. మామూలు సంభాషణలో ఇది వినపడదు. కోర్టు తీర్పులు, జలవివాదాల ట్రిబ్యునళ్ల నివేదికలు, అంతర్‌రాష్ట్ర ఒప్పందాలు, పర్యావరణ శాస్త్ర గ్రంథాలు దీని చోట్లు. తెలుగులో రైపేరియన్ అనీ రిపేరియన్ అనీ రెండు రకాలుగా రాస్తారు. గోదావరి జిల్లాల్లో ఇరిగేషన్ ఇంజనీర్లకూ నీటి కేసులు చూసే లాయర్లకూ ఇది రోజువారీ మాట. కాలువ కింద వరి పండించే రైతు ఈ మాట ఎన్నడూ పలకకపోయినా అతని దాళ్వా (రబీ) పంటకు నీళ్లు వస్తాయా రావా అన్న చర్చలో ఇది ఎక్కడో ఒకచోట ఉంటుంది.

ఒడ్డున ఉన్నవాడికి నీటి మీద హక్కు ఉంటుందని ఈ విశేషణం చెబుతుంది. గోదావరి డెల్టాలో మాత్రం ఒడ్డున ఉన్నవాడు ఒకడు, హక్కు ఉన్నవాడు ఇంకొకడు, నీళ్లు అందేవాడు మరొకడు. అందుకే ఈ మాట అర్థాన్ని నిఘంటువు కంటే ధవళేశ్వరం నుంచి అంతర్వేది దాకా ఉన్న నేల బాగా చెబుతుంది.

అర్థం, పుట్టుక

లాటిన్‌లో రీపా అంటే ఒడ్డు. దాని నుంచి వచ్చిన విశేషణమే రైపేరియన్. అమెరికాలో 1827లో జస్టిస్ జోసెఫ్ స్టోరీ ఇచ్చిన టైలర్ వర్సెస్ విల్కిన్సన్ తీర్పుతో ఒడ్డు యజమాని హక్కు న్యాయ సిద్ధాంతంగా రూపు కట్టింది. 1850ల్లో ఇంగ్లండ్ కోర్టులు, ప్రివీ కౌన్సిల్ దాన్నే స్థిరపరిచాయి. అంటే ధవళేశ్వరం దగ్గర గోదావరి మీద ఆనకట్ట లేస్తున్న రోజులూ, ఈ సిద్ధాంతం బ్రిటిష్ న్యాయంలో కుదురుకుంటున్న రోజులూ దాదాపు ఒకటే.

దీనికి మూడు వాడుకలు ఉన్నాయి. ఒకటి భూమికీ దాని యజమానికీ వర్తించేది: ఏటికి ఆనుకుని ఉన్న భూమి, ఆ భూమి గలవాడు, అతని నీటి హక్కు. రెండోది రాష్ట్రాలకూ దేశాలకూ వర్తించేది: నది ఏ రాష్ట్రాల గుండా పారుతుందో అవి రైపేరియన్ రాష్ట్రాలు, వాటిలో మళ్లీ ఎగువవీ దిగువవీ. మూడోది ప్రకృతి శాస్త్రానిది: ఒడ్డున పెరిగే చెట్టూచేమా, అక్కడి జీవజాలం. పత్రికల్లో కనపడేది ఎక్కువగా రెండో వాడుక. మొదటి వాడుకే అన్నిటికీ మూలం.

దీని పక్కనే తిరిగే మాటలు కొన్ని ఉన్నాయి, కలగాపులగం చేయకూడదు. నదికి సంబంధించినది ఏదైనా రివరైన్: పడవ ప్రయాణం రివరైన్, ఏటి చేప రివరైన్. నది ప్రవాహం చేసిన పనిని చెప్పేది ఫ్లూవియల్: కోత, మేట దాని కిందికి వస్తాయి. ఒండ్రుమట్టి నేలలు అల్లూవియల్. సముద్రపు ఒడ్డును చెప్పేది లిట్టరల్: ఉప్పాడ దగ్గర కెరటాలు మింగుతున్న తీరం రైపేరియన్ కాదు, లిట్టరల్. అంతర్వేదిలో గోదావరి పాయ వశిష్ఠ సముద్రంలో కలిసే చోట నిలబడితే ఒక చేతి వైపు రైపేరియన్, ఇంకో చేతి వైపు లిట్టరల్. అక్కడ పాత రెవెన్యూ సరిహద్దు రాళ్లకు ఈ తేడా అర్థం కాదు.

చట్టంలో ఒడ్డు హక్కు

ఇంగ్లీషు న్యాయం ప్రకారం సహజంగా పారే ఏటిని ఆనుకుని భూమి ఉన్నవాడు తాగడానికీ ఇంటి అవసరాలకూ పశువులకూ ఆ నీళ్లు వాడుకోవచ్చు, ఆ భూమిని తడుపుకోవచ్చు. కింద ఉన్నవాడికి గట్టి నష్టం చేయకూడదన్నదే షరతు. కింద ఉన్నవాడికి కూడా ఒక హక్కు ఉంది: ఏరు పరిమాణంలో, దిక్కులో, వేగంలో చెప్పుకోదగ్గ మార్పు లేకుండా తన దగ్గరికి రావాలి. 1882 నాటి భారత ఈజ్‌మెంట్ల చట్టం 7వ సెక్షన్ ఈ రెండిటినీ ఉదాహరణలుగా ఇచ్చింది. ఆ చట్టం మొదట వర్తించిన ప్రాంతాల్లో మద్రాసు ప్రెసిడెన్సీ ఒకటి కాబట్టి గోదావరి జిల్లా మొదటి నుంచీ దాని పరిధిలో ఉంది.

అయితే అదే చట్టం 2వ సెక్షన్‌లో ఒక వాక్యం ఉంది. సహజ మార్గాల్లో పారే నదుల నీటిని సేకరించడం, నిలవ చేయడం, పంచడం విషయంలో ప్రభుత్వానికి ఉన్న హక్కుకు ఈ చట్టం అడ్డు రాదని దాని సారాంశం. ఏడో సెక్షన్ ఇచ్చినదాన్ని రెండో సెక్షన్ ముందే వెనక్కి తీసుకుందనడం అన్యాయం కాదు. మన దేశంలో ఒడ్డు యజమాని ఇంకో ఒడ్డు యజమాని మీద కేసు వేస్తే రైపేరియన్ హక్కు బలంగా నిలబడుతుంది. ప్రభుత్వం మీద వేస్తే సన్నగిల్లుతుంది. 1905 మద్రాసు భూ ఆక్రమణల చట్టం దీన్ని ఇంకొంచెం బిగించింది: ఇతరుల ఆస్తి అని తేలినవి తప్ప నదుల గర్భం ప్రభుత్వ ఆస్తి అని ప్రకటించింది. గ్రామాల్లో ఏటి పోరంబోకు అనే మాట వెనక ఉన్నది ఇదే.

తెలుగు నేల నుంచి ప్రివీ కౌన్సిల్ దాకా వెళ్లిన రైపేరియన్ తగవుల్లో పేరు పడ్డది ఉర్లాం కేసు. ఉర్లాం ఇప్పటి శ్రీకాకుళం జిల్లాలో ఉంది, ఏరు వంశధార. అక్కడి జమీందారు శాశ్వత సెటిల్‌మెంట్ కాలం నుంచి ఉన్న కాలువల ద్వారానే నీళ్లు తెచ్చుకుని, అప్పటికంటే ఎక్కువ భూమి తడుపుకున్నాడు. ప్రభుత్వం 1865 మద్రాసు ఇరిగేషన్ సెస్ చట్టం కింద ఆ అదనపు భూమికి పన్ను వేసింది. 1917లో ప్రివీ కౌన్సిల్ జమీందారు పక్షాన తీర్పు చెప్పింది: సెటిల్‌మెంట్‌లోనే ఆ నీళ్లు వాడుకునే ఒప్పందం ఇమిడి ఉంది, అవే కాలువల్లో వచ్చే నీటికి మళ్లీ పన్ను అడగకూడదు. జమీందారు గెలిచింది ఒడ్డున ఉన్నందుకు కాదు, ప్రభుత్వంతో తనకున్న పాత ఒప్పందం వల్ల. కేవలం ఒడ్డును నమ్ముకున్న రైతుకు ఈ తీర్పులో దక్కింది తక్కువ.

ఆనకట్ట వచ్చాక

గోదావరి జిల్లా రైతుకు నీటి హక్కు ఎక్కడి నుంచి వచ్చిందో చూడాలంటే ధవళేశ్వరం ఆనకట్ట పని మొదలైన 1847కు వెళ్లాలి. అంతకు ముందు పదిహేనేళ్లలో ఈ జిల్లా డొక్కల కరువునూ 1839 నాటి కోరంగి ఉప్పెననూ చూసింది. ఆర్థర్ కాటన్ చేతుల మీదుగా ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అనే నాలుగు భాగాలుగా, మధ్య లంకలను, అంటే ఏటి నడుమ దీవులను కలుపుతూ ఆనకట్ట 1852కు పూర్తయింది. అది దెబ్బ తింటూ బాగుపడుతూ వందేళ్లకు పైగా నిలిచింది. దాని స్థానంలో 1970లో మొదలుపెట్టి 1982కు 175 గేట్ల బ్యారేజీ కట్టారు. తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాలు కలిపి దాని కింద సుమారు 10 లక్షల ఎకరాలు సాగవుతున్నాయి.

ఈ 10 లక్షల ఎకరాల్లో ఏటిని ఆనుకున్నవి ఏపాటి? చాలా తక్కువ. మిగతా భూమి నదికి మైళ్ల దూరంలో ఉంది. భీమవరం, పాలకొల్లు, అమలాపురం, రామచంద్రపురం ప్రాంతాల్లో పొలానికి నీళ్లు వచ్చేది కాలువ నుంచి, అక్కడి నుంచి బోదె ద్వారా. ఖచ్చితమైన న్యాయభాషలో ఈ రైతులెవరూ రైపేరియన్లు కారు. వాళ్లు ఆయకట్టుదారులు. వాళ్ల హక్కు ప్రభుత్వం కట్టిన కట్టడం కింద ప్రభుత్వం ఇస్తానన్న నీటి మీద హక్కు. దానికి ప్రతిగా నీటితీరువా కడతారు. 1865 నాటి సెస్ చట్టం పుట్టిందే ఇలా ప్రభుత్వ ఖర్చుతో లేచిన కట్టడాల నుంచి నీళ్లు వాడుకునేవాళ్ల దగ్గర రాబడి తెచ్చుకోవడానికి. 1997లో వచ్చిన రైతుల నీటి యాజమాన్య చట్టంతో నీటి సంఘాలు ఏర్పడ్డాయి. అక్కడ కూడా సభ్యత్వానికి ఆధారం ఆయకట్టులో భూమి ఉండటమే, ఏటి ఒడ్డున ఉండటం కాదు.

పి. గన్నవరం దగ్గర దీన్ని కళ్లారా చూడవచ్చు. నగరం లంక అని పిలిచే ప్రాంతం, అంటే రాజోలు, మలికిపురం, మామిడికుదురు, సఖినేటిపల్లి వైపు నేల, ఒకవైపు వశిష్ఠ, ఒకవైపు వైనతేయ పాయ, కింద సముద్రం. చుట్టూ నీళ్లే. ఆ పొలాలకు చేరే నీళ్లు మాత్రం చుట్టూ ఉన్న ఆ నీళ్లు కావు. ధవళేశ్వరంలో మళ్లించిన నీళ్లను కాలువలో తీసుకొచ్చి, 1852 ప్రాంతంలో వైనతేయ మీద కట్టిన అక్విడక్ట్ మీదుగా నదిని దాటించి ఆవలకు పంపారు. హేగ్ అనే ఇంజనీరు, ఆయన వెంట వీణం వీరన్న ఆ పని నడిపించారు. ఇప్పుడు పక్కనే కొత్త అక్విడక్ట్ ఉంది. దాని మీద నిలబడితే కాలువ అడుగున ఏరు పారుతూ కనిపిస్తుంది: పైన తీయని నీళ్లు, కింద పోటు సమయంలో ఉప్పెక్కే నీళ్లు. వేసవిలో ఏరు బక్కచిక్కినప్పుడు సముద్రపు నీరు పాయల్లోకి ఎగదన్నుకు వస్తుంది. అప్పుడు ఒడ్డు మీదున్న రైతుకు ఒడ్డు వల్ల ఒరిగేది ఏమీ లేదు. నదికి ఆనుకుని ఉండటమే హక్కు అనే సిద్ధాంతం సన్నని తీయని ఏళ్లున్న ఇంగ్లండ్ కోసం పుట్టింది; సముద్రంతో పోట్లాడే డెల్టాను అది ఊహించలేదు.

లంకలు: ఒడ్డు కదిలినప్పుడు

రైపేరియన్ హక్కుకు ఒడ్డు ఎక్కడో తెలిసి ఉండాలి. గోదావరి దిగువన ఏ వరదకు ఏ ఒడ్డు ఉంటుందో చెప్పలేం. ఇసుక మేట వేస్తుంది. మేట మీద రెల్లు లేస్తుంది. రెల్లు ఒండ్రును పట్టి ఉంచుతుంది. కొన్నేళ్లకు అది లంక అవుతుంది. లంక మీద పొగాకు, మిరప, అరటి, కూరగాయలు, నేల కుదురుకుంటే కొబ్బరి. ఇంకో వరదకు అదే లంక అంచు నుంచి ముక్కలు ముక్కలుగా ఏట్లోకి జారిపోతుంది. దీన్ని అక్కడివాళ్లు కోత అంటారు. పుస్తకంలో ఫ్లూవియల్ ఎరోజన్ అని ఎంత పెద్దగా రాసినా కాయ మీదున్న కొబ్బరి చెట్టు వేళ్లతో సహా ఏట్లోకి ఒరిగిపోతున్నప్పుడు నోట్లోంచి వచ్చేది ఆ రెండక్షరాలే.

ఇంగ్లీషు న్యాయంలో దీనికి ఒక నియమం ఉంది. ఒడ్డుకు నెమ్మదిగా, కంటికి తెలియకుండా చేరిన మట్టి ఒడ్డు యజమానిది. ఒక్కసారిగా నది తెంచి పడేసిన నేల పాత యజమానిదే. బెంగాల్‌లో 1825 నాటి రెగ్యులేషన్ ఈ నియమాన్ని రాతలో పెట్టింది. మద్రాసులో ఆ రెగ్యులేషన్ లేదు, కోర్టులు సూత్రం మీద నడిచాయి. లంక భూముల మీద విజయనగరం రాజావారికీ ప్రభుత్వానికీ నడిచిన వ్యాజ్యం 1920ల తొలినాళ్లలో ప్రివీ కౌన్సిల్ చేరింది. నెమ్మది అంటే ఎంత నెమ్మది అన్న ప్రశ్నకు అక్కడ ఇంగిత జ్ఞానంతో జవాబు దొరికింది: ఇంగ్లండ్ ఏళ్లకు పెట్టే కొలత భారతదేశపు మహానదులకు పెట్టకూడదు, ఇక్కడ ఒక్క ఏడాదిలో వచ్చే మార్పు కూడా క్రమంగా వచ్చినట్టే లెక్క కావచ్చు. పరాయి చట్టం మన నది వేగాన్ని గుర్తించిన అరుదైన సందర్భాల్లో ఇదొకటి.

నియమం అలా ఉన్నా లంకల్లో ఎక్కువ నేల ప్రభుత్వానిదిగానే లెక్క. 1884 నాటి నదుల పరిరక్షణ చట్టం కింద ఏటి గర్భంలో చెట్లు నాటడం, సాగు చేయడం, కట్టడాలు కట్టడం మీద ప్రభుత్వానికి పెత్తనం వచ్చింది. వరద దారికి అడ్డు పడకూడదన్నది ఉద్దేశం. రెవెన్యూ శాఖ లంకలను ఎ, బి, సి తరగతులుగా చూస్తుంది. వరదకూ కోతకూ ఎక్కువ లోనయ్యే సి తరగతి నేలను కొన్నేళ్ల లీజుకు మాత్రమే ఇస్తారు. 2023లో రాష్ట్ర ప్రభుత్వం ఎ, బి తరగతుల నేలలకు సాగుదారుల పేరున పట్టాలు ఇచ్చే పనికి పూనుకుంది. అంతదాకా తరాల తరబడి ఏటి మధ్యలో బతికినవాళ్లు కాగితం మీద లీజుదారులు, లేదా ఆక్రమణదారులు.

పి. గన్నవరం మండలంలో ఊడిమూడిలంక, జి. పెదపూడిలంక, అరిగెలవారిపేట, బూరుగులంక అనే నాలుగు ఊళ్లు ఉన్నాయి. ఏటా ఎగువన వాన పడి గోదావరికి మొదటి వరద రాగానే ఆ ఊళ్లకు దారి తెగుతుంది. పాయ మీద వేసుకున్న గట్టు కొట్టుకుపోతుంది. పిల్లలు బడికీ, గర్భిణులు ఆసుపత్రికీ, అరటి గెలలు మార్కెట్టుకూ పడవ మీదే పోవాలి. పశువులను గట్టెక్కించడం అన్నిటికంటే కష్టం. పశ్చిమ గోదావరి వైపు ఆచంట మండలం అయోధ్యలంకదీ, యలమంచిలి మండలం కనకాయలంకదీ ఇలాంటి పరిస్థితే. భౌగోళిక అర్థంలో వీళ్లను మించిన రైపేరియన్లు ఈ దేశంలో లేరు. హక్కు అన్న అర్థంలో ఆ విశేషణం వీళ్ల దగ్గరికి రాలేదు. ఇది మాట లోపం కాదు, దాన్ని వర్తింపజేసిన తీరులోని లోపం, దిద్దుకోవాల్సిన లోపం.

రాష్ట్రాలకు అంటిన విశేషణం

రైపేరియన్ అన్న మాట ఇవాళ ఎక్కువగా వినపడేది రాష్ట్రాల మధ్య తగవుల్లో. గోదావరి మహారాష్ట్రలో త్ర్యంబకేశ్వర్ దగ్గర పుట్టి 1,465 కిలోమీటర్లు నడిచి బంగాళాఖాతంలో కలుస్తుంది. పరీవాహక ప్రాంతం 3.12 లక్షల చదరపు కిలోమీటర్లు. మహారాష్ట్ర, తెలంగాణ, ఛత్తీస్‌గఢ్, ఒడిశా, మధ్యప్రదేశ్, కర్ణాటక, ఆంధ్రప్రదేశ్‌లకు అందులో పెద్దదో చిన్నదో భాగం ఉంది. అన్నిటికంటే కింద ఆంధ్రప్రదేశ్. గోదావరి పాయ గౌతమి ఒడ్డున ఉన్న యానాం పుదుచ్చేరిది, అది లెక్కకు రాదు.

ఎగువ, దిగువ రైపేరియన్ల హక్కుల మీద ప్రపంచంలో రెండు కొసలు ఉన్నాయి. 1895లో అమెరికా అటార్నీ జనరల్ జడ్సన్ హార్మన్ రియో గ్రాండీ విషయంలో మెక్సికోకు చెప్పిన మాట ఒక కొస: మా నేల మీద పారుతున్నంతసేపు నీళ్లు మా ఇష్టం. రెండో కొస పాత ఇంగ్లీషు సూత్రం: ఏరు ఎలా వచ్చిందో అలా కిందికి పోవాలి. మొదటిది నెగ్గితే డెల్టా ఎండుతుంది, రెండోది నెగ్గితే ఎగువన ఒక చెరువు కూడా తవ్వకూడదు. ఈ రెండిటి మధ్య సమన్యాయ పంపకం అనే దారిని 1966 హెల్సింకీ నియమాలు అంతర్జాతీయంగా వేశాయి. 1997 ఐక్యరాజ్యసమితి ఒడంబడికకు ఓటింగులో భారత్ తటస్థంగా ఉంది, కానీ దేశం లోపల ట్రిబ్యునళ్లు నడిచింది ఈ సమన్యాయం దారిలోనే.

రాజ్యాంగం 262వ అధికరణం, 1956 అంతర్‌రాష్ట్ర నదీజల వివాదాల చట్టం కింద 1969లో జస్టిస్ ఆర్.ఎస్. బచావత్ అధ్యక్షతన గోదావరి ట్రిబ్యునల్ ఏర్పడింది; తుది అవార్డు 1980 జూలైలో వచ్చింది. కృష్ణా పంపకంలో అప్పటి కృష్ణా ట్రిబ్యునల్ తానే లెక్క కట్టి వాటాలు తేల్చింది. గోదావరిలో చాలా వరకు 1975 నుంచి 1980 దాకా రాష్ట్రాలు కుదుర్చుకున్న ఒప్పందాలనే అవార్డుగా చేసింది. పోలవరం ప్రాజెక్టు పూర్తి నీటిమట్టం 150 అడుగులు అన్నదీ ఆ ఒప్పందాల నుంచే. పోలవరం నుంచి కృష్ణాకు 80 టీఎంసీలు మళ్లిస్తే వాటిలో 45 ఆంధ్రప్రదేశ్‌కూ, 35 ఎగువ కృష్ణా రాష్ట్రాలైన కర్ణాటక, మహారాష్ట్రలకూ అన్నది కూడా. ఇక్కడ రైపేరియన్ సూత్రం ఒక మెట్టు దాటింది: ఖచ్చితమైన సూత్రం ప్రకారం ఒడ్డు యజమాని నీటిని పరీవాహకం దాటించకూడదు. 2015లో పట్టిసీమ ఎత్తిపోతలతో గోదావరి నీళ్లు పోలవరం కుడి కాలువ మీదుగా కృష్ణా డెల్టాకు చేరాయి. కృష్ణా డెల్టా గోదావరికి రైపేరియన్ కాదు. అయినా ఆ నీళ్లతో అక్కడ నాట్లు సకాలంలో పడ్డాయి, ఆ మేరకు పాత సూత్రం సడలడం మంచిదే అయింది.

ఎగువవాడి చేతిలో దిగువవాడు ఎలా ఉంటాడో చెప్పడానికి బాబ్లీ చాలు. నాందేడ్ జిల్లాలో శ్రీరాంసాగర్ జలాశయం తోకలో మహారాష్ట్ర కట్టిన ఆ బ్యారేజీ సామర్థ్యం 2.74 టీఎంసీలు. 2013 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు దాన్ని అనుమతించింది, కానీ జూలై 1 నుంచి అక్టోబర్ 28 దాకా గేట్లు ఎత్తి ఉంచాలనీ, మార్చి 1న 0.6 టీఎంసీ కిందికి వదలాలనీ షరతు పెట్టింది. ఒక తారీఖున ఒక గేటు ఎత్తడమే దిగువ రైపేరియన్ హక్కు అయిందన్నమాట. 2014 దాకా దిగువ పక్షంగా వాదించిన తెలంగాణ ప్రాంతం, రాష్ట్ర విభజన తర్వాత మహారాష్ట్రకు దిగువా, ఆంధ్రప్రదేశ్‌కు ఎగువా అయింది. 2019లో మేడిగడ్డ బ్యారేజీ దగ్గర తెలంగాణ గోదావరి నీరు ఎత్తిపోయడం మొదలుపెట్టినప్పుడు డెల్టాలో వినిపించిన ఆందోళన, 2025లో గోదావరి నీటిని మళ్లించే ఆంధ్రప్రదేశ్ పోలవరం–బనకచర్ల ప్రతిపాదన మీద తెలంగాణ చెప్పిన అభ్యంతరం ఒకే విశేషణానికి రెండు ముఖాలు.

దిగువవాడు ఎప్పుడూ బాధితుడే అనుకోవడం కూడా సరి కాదు. ఆనకట్ట కట్టాక సముద్రం నుంచి ఎదురీదే పులసకు ధవళేశ్వరం దగ్గర దారి మూసుకుపోయింది. పైన ఉన్న జాలర్లకు అది నష్టమే. పోలవరం వెనక నీరు తమ ఊళ్లలోకి వస్తుందని ఒడిశా సుప్రీంకోర్టుకు వెళ్లింది, ఛత్తీస్‌గఢ్ అభ్యంతరం చెప్పింది. ముంపు మండలాలు ఏడింటిని 2014లో తెలంగాణ నుంచి ఆంధ్రప్రదేశ్‌లో కలిపినా, అక్కడి కొండరెడ్లు, కోయలు ఏ రాష్ట్రం లెక్కలో ఉన్నా ఖాళీ చేయాల్సినవాళ్లే. వాళ్లది ఒడ్డు మీద పుట్టిన బతుకు. ట్రిబ్యునల్ ముందు రైపేరియన్ పక్షం అంటే రాష్ట్రమే కాబట్టి వాళ్ల తరఫున మాట్లాడింది కూడా రాష్ట్రాలే.

దాళ్వా, వరద

దిగువన ఉండటం అంటే ఏమిటో డెల్టా రైతు ఏడాదికి రెండు సార్లు అనుభవిస్తాడు. సార్వాకు, అంటే ఖరీఫ్ వరికి నీళ్ల కొరత ఉండదు. దాళ్వాకు గోదావరి సహజ ప్రవాహం చాలదు. అప్పుడు సీలేరులో కరెంటు తీశాక వదిలే నీరు శబరిలో, శబరి నుంచి కూనవరం దగ్గర గోదావరిలో కలిసి ధవళేశ్వరం చేరుతుంది. మాచ్‌ఖండ్–సీలేరు నీళ్లలో ఒడిశాకూ వాటా ఉంది. బలిమెలలో రెండు రాష్ట్రాలకూ సగం సగం. కాబట్టి రాజోలు శివారు చేలో మార్చి నెలలో వెన్ను పాలుపోసుకోవడం తూర్పు కనుమల్లో ఏ టర్బైను ఎన్ని గంటలు తిరిగిందన్న దాని మీద ఆధారపడి ఉంటుంది. నీళ్లు తగ్గితే వంతులవారీ పెడతారు. వంతు వచ్చిన రాత్రి కాలువ గట్టు మీద టార్చిలైట్లు పట్టుకుని కాపలా కాసే శివారు రైతుకు తన పై రైతే ఎగువ రైపేరియన్. మధ్యలో తూము ఎత్తి పెట్టుకున్నవాడితో జరిగే గొడవ, రెండు రాష్ట్రాల గొడవ కంటే చిన్నదేమీ కాదు.

వరద రెండోది. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కు రెండోది, 17.75కు మూడోది. 1986 ఆగస్టులో ఇక్కడి నుంచి 35 లక్షల క్యూసెక్కులకు పైగా పోయింది, భద్రాచలంలో 75.6 అడుగులు. 2022 జూలైలో భద్రాచలంలో 71 అడుగులు దాటి ధవళేశ్వరంలో 25 లక్షల క్యూసెక్కులకు పైగా వచ్చింది. ఏటిగట్లు ఆగుతాయా లేదా అని డెల్టా అంతా రాత్రుళ్లు మేలుకుంది. యువకులు ఇసుక బస్తాలు మోశారు. వరదను భరించేవాడికి మిగులు జలాల మీద మొదటి హక్కు ఉండాలని దిగువ రాష్ట్రం చేసే వాదన బలం ఇక్కడి నుంచే వస్తుంది. చట్టం పుస్తకంలో ఆ వాదనకు ఇంకా పూర్తి స్థానం దొరకలేదు. న్యాయం వైపు నుంచి చూస్తే దాన్ని తోసిపుచ్చడం కష్టం: ఎగువవాడు పంచుకునేది నీళ్లు, దిగువవాడు పంచుకునేది నీళ్లతో పాటు వాటి ఉగ్రత కూడా.

ప్రకృతి శాస్త్రంలో

ఒడ్డు వెంబడి, పొలానికీ ఏటికీ మధ్య ఉండే పచ్చటి పట్టీని రైపేరియన్ జోన్ అంటారు. పాపికొండల నుంచి కిందికి వచ్చే కొద్దీ ఇది సన్నబడుతుంది. ఏరుమద్ది చెట్టుకు తెలుగులో ఏరు పేరులోనే ఉంది. దాని వేళ్లు ఒడ్డును పట్టి ఉంచుతాయి. రెల్లు, తుంగ వరద ఉరవడిని తగ్గించి ఒండ్రును ఆపుతాయి. కోరంగి మడ అడవులను కొందరు ఈ పట్టీలో కలిపేస్తారు, అది పొరపాటు: ఉప్పునీరు, పోటుపాట్ల మధ్య పెరిగేవి కాబట్టి అవి నదీముఖానికి చెందినవి. ఏటి పట్టీ ఇవాళ ఎక్కువగా దెబ్బ తింటున్నది ఇసుక ర్యాంపుల దగ్గర. అడుగు నుంచి ఇసుక తోడేస్తే ప్రవాహం ఒడ్డు పాదాన్ని తొలుస్తుంది, గట్టు జారుతుంది. 2002 నాటి నీరు, భూమి, చెట్ల (వాల్టా) చట్టం ఇసుక తవ్వకాన్ని నియంత్రించేందుకు అధికారాలు ఇచ్చింది; అమలు మీదే ఒడ్డు భవిష్యత్తు ఆధారపడి ఉంది.

తెలుగులో వాడుక

తెలుగు పత్రికలు రాష్ట్రాల సందర్భంలో ఎగువ రాష్ట్రం, దిగువ రాష్ట్రం అని రాస్తాయి. ఇది చక్కగా కుదిరిన వాడుక, రైపేరియన్ అని రాయాల్సిన పని లేదు. పరీవాహక రాష్ట్రం అన్నది దగ్గరి మాటే గానీ ఒకటి కాదు: నది ప్రధాన పాయ తాకకుండా ఉపనదుల నీళ్లు మాత్రమే కలిసే రాష్ట్రం కూడా పరీవాహకంలో ఉంటుంది. గోదావరికి కర్ణాటక అలాంటిది, మంజీర దాని గుండా వస్తుంది. భూమి హక్కుల సందర్భంలో ఏటి ఒడ్డు హక్కు, ఏటిని ఆనుకున్న భూమి అంటే సరిపోతుంది. కోర్టు కాగితాల్లో మాత్రం రైపేరియన్ హక్కు అనే ఉంచడం మేలు, ఎందుకంటే దాని వెనక రెండు వందల ఏళ్ల తీర్పుల బరువు ఉంది, ఏటి ఒడ్డు హక్కు అన్న మాటకు ఆ బరువు ఇంకా రాలేదు. ఆయకట్టు రైతు వాదనను ఈ విశేషణం కిందికి తేవడం సాంకేతికంగా తప్పు. అతని పక్షాన రాసే అర్జీలో ఆయకట్టు హక్కు, వాడుక హక్కు అనాలి. లంక రైతు అర్జీలో భౌగోళికంగా ఒడ్డున ఉండటాన్ని మొదట చెప్పి, ఆ తర్వాత సాగు అనుభవాన్నీ లీజు రసీదులనూ జత చేస్తే రెవెన్యూ కచేరీలో అర్జీ నిలబడుతుంది.